సుఖం ఎక్కడున్నది? – నేటి ఆనందశాస్త్రంపై ఒక విచారణ



దేవుని సన్నిధికి వచ్చేవారి సంకల్పాలు వేరువేరుగా కనిపిస్తాయి. ఒకరికి సంతానం కావాలి, ఒకరికి ఉద్యోగం కావాలి, ఇంకొకరికి వ్యాధి నయం కావాలి. అర్చకుడు గోత్రనామాలు చెప్పి ఆ కోరికలను వేరువేరుగానే విన్నవిస్తాడు. కానీ లోతుకు పోయి చూస్తే అన్నింటి అడుగునా ఉన్నది ఒకే కోరిక. సుఖం కలగాలి, దుఃఖం తొలగాలి. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో బాలుర కోసం రచించిన తర్కసంగ్రహంలో, ఇరవైనాలుగు గుణాలలో సుఖదుఃఖాలను కూడా లెక్కించాడు. అందరికీ అనుకూలంగా అనుభవానికి వచ్చేది సుఖమని, ప్రతికూలంగా వచ్చేది దుఃఖమని ఆయన చెప్పిన లక్షణం. ఇంత సూటిగా నిర్వచించగలిగిన వస్తువే అయినా, అది ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు మాత్రం లోకం ఇప్పటికీ వెదుకుతూనే ఉన్నది.

ఈ వెదుకులాటకు మన కాలంలో ఒక కొత్త శాస్త్రం బయలుదేరింది. దానిని ఆంగ్లదేశాలవారు 'పాజిటివ్ సైకాలజీ' అంటారు. మన మాటలో సానుకూల మనశ్శాస్త్రం. దాని మాటలు పుస్తకాల రూపంలో, ప్రసంగాల రూపంలో, తెల్లవారేసరికి సెల్‌ఫోనులో వచ్చి పడే శుభోదయ సందేశాల రూపంలో మన హుస్నాబాద్ వంటి మెట్ట ప్రాంతపు ఊళ్ల దాకా వచ్చాయి. అందులో గ్రహించదగినది ఏది, విడువదగినది ఏది అన్నది ఈ నెల పాఠం. మీమాంసకులు ఒక అధికరణాన్ని విచారించే క్రమంలోనే, అనగా విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, ప్రయోజనం అనే వరుసలో దీనిని చూద్దాం.

విషయం

1998లో అమెరికా మనశ్శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న మార్టిన్ సెలిగ్‌మన్ ఒక మాట ముందుకు తెచ్చాడు. మనశ్శాస్త్రం ఇన్నాళ్లూ రోగాన్ని, భయాన్ని, దిగులును మాత్రమే పరిశీలించిందని, ఇక మనిషిలోని సద్గుణాలను, సంతోషాన్ని, బలాన్ని కూడా పరిశీలించాలని ఆయన ప్రతిపాదన. 2000లో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మరొక పండితునితో కలిసి వ్రాసిన వ్యాసంతో ఈ శాఖ స్థిరపడింది. అటుపై విశ్వవిద్యాలయాలలో పాఠ్యాంశంగా, కార్యాలయాలలో శిక్షణగా, బజారులో పుస్తకాలుగా విస్తరించింది.

ప్రభుత్వాలు కూడా ఆనందాన్ని తమ పనులలో చేర్చుకొన్నాయి. భూటాన్ రాజు 1970లలోనే దేశపు సంపద కంటె దేశపు ఆనందం ముఖ్యమన్నాడు. ఐక్యరాజ్యసమితి 2012లో మార్చి 20ని ఆనంద దినోత్సవంగా ప్రకటించింది. ఆ ఏడాది నుండే ప్రపంచ ఆనంద నివేదిక వెలువడుతున్నది. పదిమెట్ల నిచ్చెనను ఊహించుకొని నీ జీవితం ఏ మెట్టు మీద ఉన్నదో చెప్పుమని మనుషులను అడిగి, ఆ జవాబులతో దేశాలకు వరుస కడతారు. 2018 నుండి ఫిన్లాండ్ మొదటి స్థానంలో ఉన్నది. 2025 నివేదికలో 147 దేశాల నడుమ మన దేశానిది 118వ స్థానం. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2016లో ఆనందానికి ఒక శాఖనే ఏర్పాటు చేసింది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2018 జూలై నుండి ఆనందం ఒక పాఠ్యాంశమైంది.

మన తెలుగు నేలపై జరిగిన ఉదాహరణ 2018 ఏప్రిల్‌లో అమరావతి ప్రాంతంలో నిర్వహించిన 'హ్యాపీ సిటీస్ సమ్మిట్'. నగరాలను ఆనందనగరాలుగా తీర్చడం ఎట్లా అన్న విషయంపై దేశవిదేశాల నిపుణులు అక్కడ చర్చించారు. నిర్మించబోయే రాజధాని ఆనందమయ నగరం కావాలన్నది నాటి ఆకాంక్ష.

సంశయం

సుఖం మనస్సులో ఉన్నదా, పరిస్థితిలో ఉన్నదా? మనస్సులో ఉన్నదంటే, దుఃఖంలో ఉన్నవానికి మనస్సు మార్చుకొమ్మని చెబితే చాలును. పరిస్థితిలో ఉన్నదంటే, అతని పరిస్థితి మార్చడానికి మనం చేయి కలపవలసి వస్తుంది. ఈ సంశయం మాటల కోసం పెట్టుకొన్నది కాదు. ఎదురుగా ఒక దుఃఖితుడు నిలిచినప్పుడు మన నోటినుండి ఏ మాట రావాలి, మన చేయి ఏ పని చేయాలి అన్నది దీని మీద ఆధారపడి ఉన్నది.

పూర్వపక్షం

పూర్వపక్షాన్ని దాని పూర్తి బలంతో చెప్పాలన్నది శాస్త్రమర్యాద. సానుకూల మనశ్శాస్త్రం చెప్పే మాటలలో మంచి లేదనడం న్యాయం కాదు. పొందిన మేలును తలచుకొని కృతజ్ఞత చెప్పడం, స్నేహబంధాలను నిలుపుకోవడం, చేసే పనిలో లీనం కావడం, ఇతరులకు సాయపడడం, క్షమించడం అన్నవి మనస్సుకు స్వస్థత ఇస్తాయని వారు అంటారు. ఇవి మన పెద్దలు చెప్పినవే.

వారి మాటకు సంఖ్యాబలం కూడా ఉన్నదని వారి వాదం. 2005లో సోన్యా ల్యుబొమిర్‌స్కీ మొదలైనవారు ఒక లెక్క చెప్పారు. మనుషుల ఆనందంలో కనిపించే తేడాలకు సగం పుట్టుకతో వచ్చిన స్వభావం కారణం, 10 శాతం మాత్రమే పరిస్థితులు కారణం, మిగిలిన 40 శాతం మనం బుద్ధిపూర్వకంగా చేసే పనులు కారణమని. అంటే ధనం, ఇల్లు, ఉద్యోగం, ఊరు మొదలైనవన్నీ కలిసి పదోవంతే!

మన గ్రంథాలు కూడా ఈ పక్షాన్నే సమర్థిస్తున్నట్లు కనిపిస్తాయి. బంధానికైనా మోక్షానికైనా మనస్సే కారణమని వేదాంతం. సుఖదుఃఖాలను సమంగా చూడుమని గీత. సుఖాలన్నింటిలో ఉత్తమమైనది ఏదని యక్షుడు అడిగినప్పుడు ధర్మరాజు సంతుష్టి అనే చెప్పాడు. ఇన్ని ప్రమాణాలు ఉండగా సుఖం మనస్సులోనే ఉన్నదనడానికి అడ్డేమిటి? ఇదీ పూర్వపక్షం.

పూర్వపక్షంపై ఆక్షేపాలు

ఈ శాస్త్రాన్ని ప్రశ్నించినవారు పాశ్చాత్యులలోనే అనేకులు ఉన్నారు. వారి ఆక్షేపాలలో నాలుగింటిని చూద్దాం.

మొదటిది లెక్కలపై ఆక్షేపం. 2005లోనే బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, మార్షియల్ లొసాడా అనే ఇద్దరు, మనిషి వికసించడానికి సానుకూల భావాలు ప్రతికూల భావాలకు కనీసం 2.9013 రెట్లు ఉండాలని ప్రకటించారు. దశాంశబిందువు తరువాత నాలుగు స్థానాల దాకా తేల్చిన ఈ సంఖ్య ఎంతో ప్రచారం పొందింది. 2013లో నికొలస్ బ్రౌన్ అనే విద్యార్థి, భౌతికశాస్త్రజ్ఞుడు అలన్ సోకల్, హారిస్ ఫ్రీడ్‌మన్ కలిసి ఆ గణితాన్ని పరీక్షించారు. నీరు, గాలి వంటి ప్రవాహాలకు సంబంధించిన సమీకరణాలను మనిషి భావాలకు అన్వయించడానికి ఆధారమే లేదని నిరూపించారు. ఆ గణిత భాగాన్ని తరువాత ఉపసంహరించుకోవలసి వచ్చింది. 40 శాతం లెక్క కూడా ఇటువంటిదే. అది జనసమూహంలో ఒకరికీ ఒకరికీ మధ్య ఉన్న తేడాలను గురించిన అంచనా. ఒక మనిషి ఆనందంలో ఇన్ని పాళ్లు అతని చేతిలో ఉన్నాయని దాని అర్థం కాదు. సమష్టికి చెప్పినదాన్ని వ్యష్టికి అంటగట్టడం తర్కంలో దోషం.

ఆనందాన్ని గణించడం మనకూ కొత్త కాదని ఇక్కడ గుర్తుచేయాలి. తైత్తిరీయోపనిషత్తులో ఆనందమీమాంస ఉన్నది. యౌవనం, సాధుత్వం, విద్య, దృఢమైన శరీరం, సంపదతో నిండిన భూమి అంతా కలిగినవాని ఆనందాన్ని ఒక ప్రమాణంగా తీసుకొని, మనుష్యగంధర్వులు మొదలు బ్రహ్మ వరకు మెట్టుమెట్టుకూ నూరు రెట్లు చేస్తూ పోయింది శ్రుతి. కానీ మనుష్యానందం దాటిన ప్రతి మెట్టు వద్దనూ, కామంచేత దెబ్బ తినని శ్రోత్రియునికి ఆ ఆనందం ఇక్కడే ఉన్నదని చెప్పింది. శ్రుతి లెక్క పెట్టింది చివరకు లెక్కను విడిపించడానికి. నేటి నిచ్చెన వేరు. అది నీ పక్కవాడు ఎన్నో మెట్టు మీద ఉన్నాడో చూపి నిన్ను ఎక్కమంటుంది.

రెండవ ఆక్షేపం ఇదే మార్గంలో వస్తుంది. ఐరిస్ మాస్ మొదలైన పరిశోధకులు 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఆనందంగా ఉండడమే గొప్ప విలువ అని గట్టిగా నమ్మినవారు, సంతోషించదగిన సందర్భంలోనే ఎక్కువ నిరాశ పొందారు. "నేను అనుకొన్నంత సంతోషంగా లేనే" అన్న బాధ వారికి అదనంగా చేరింది. సుఖాన్ని కామించడమే సుఖానికి విఘ్నం కావడం ఉపనిషత్తు ఎరిగిన సంగతే.

మూడవది అన్నింటికంటె తీవ్రమైనది. బార్బరా ఎరెన్‌రైక్ అనే అమెరికన్ రచయిత్రికి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు, సానుకూలంగా ఉండు, నవ్వుతూ ఉండు, ఈ రోగం నీకు ఒక వరమనుకో అన్న ఉపదేశాలే నలువైపులా వినిపించాయి. భయపడినా కోపించినా అది ఆమె తప్పే అన్నట్లు చూశారు. ఆ అనుభవం నుండి ఆమె 2009లో ఒక గ్రంథం రచించి, బలవంతపు ఆశావాదం రోగిపై రెండవ భారం మోపుతున్నదని ఎత్తిచూపింది. అంతకు ముందే, 2007లో జేమ్స్ కోయిన్ మొదలైనవారు తల, మెడ భాగాలలో క్యాన్సర్ సోకిన 1,093 మందిని గురించిన అధ్యయనాన్ని ప్రకటించారు. మనస్సు ఉల్లాసంగా ఉన్నంత మాత్రాన వారు ఎక్కువకాలం జీవించినట్లు అందులో తేలలేదు. ధైర్యం మంచిదే. రోగి బతికే నాలుగు రోజులూ బాగా గడవడానికి అది తోడ్పడుతుంది. కానీ రోగం తగ్గకపోతే ధైర్యం చాలలేదని రోగిని నిందించడం మాత్రం క్రూరత్వం.

నాలుగవ ఆక్షేపం సమాజాన్ని గురించినది. ఎడ్గార్ కబానాస్, ఎవా ఇల్లూజ్ అనే ఇద్దరు 2018లో ఫ్రెంచి భాషలో వెలువరించిన గ్రంథంలో, ఆనందం ఒక బజారు సరుకు అయిందని వాదించారు. సుఖం పూర్తిగా నీ చేతిలోనే ఉన్నదని నమ్మించినప్పుడు, దుఃఖం కూడా పూర్తిగా నీ తప్పే అవుతుంది. కూలి చాలకపోయినా, పని గంటలు మితిమీరినా, ఉద్యోగం ఊడినా ఇక వ్యవస్థను ఎవరూ అడగరు. నీ ఆలోచన మార్చుకో అంటారు, ఆలోచన మార్చుకొనే విద్యను కూడా రుసుముకే అమ్ముతారు.

అమరావతి ఉదాహరణను ఈ సందర్భంలో మరల తలచుకోవాలి. ఆ నగరం కోసం రైతులు ముప్పై వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. ఆనందనగరాల సభ జరిగిన రెండేళ్లలోపే, 2019 డిసెంబరులో, రాజధాని భవితవ్యం సందేహంలో పడింది. ఆ రైతులు రహదారి మీద దీక్షలకు కూర్చొన్నారు. రాజకీయాల మంచిచెడ్డలు మన పత్రికకు విషయం కాదు. భూమి, భవిష్యత్తు అనిశ్చితమైనప్పుడు, ఏ సూచీ కొలిచినా ఆ ఇంట ఆనందం నిలవదన్నదే ఇక్కడ గ్రహించవలసినది. చిత్రమేమిటంటే ప్రపంచ ఆనంద నివేదిక కర్తలు కూడా దేశాల మధ్య తేడాలను వివరించేటప్పుడు ఆదాయం, ఆరోగ్యం, ఆపదలో ఆదుకొనే మనిషి ఉండడం, స్వేచ్ఛ, దానశీలత, అవినీతి లేకపోవడం అనే ఆరింటినే చెబుతారు. ఇందులో ఎక్కువభాగం మనస్సు బయటివే.

సిద్ధాంతం

ఇక సిద్ధాంతానికి వద్దాం. మహాభారతం అరణ్యపర్వంలోని యక్షప్రశ్నలలోనే దీనికి సమాధానం ఉన్నది. ఉత్తమ సుఖం సంతుష్టి అన్న జవాబు అందరికీ గుర్తుంటుంది. అదే సంవాదంలో యక్షుడు, లోకంలో ఆనందించేవాడు ఎవడని కూడా అడిగాడు. దానికి ధర్మరాజు ఇచ్చిన జవాబును తక్కువమంది మననం చేస్తారు. పగటిలో అయిదవ భాగానో ఆరవ భాగానో, అనగా పొద్దు వాలిన తరువాతనైనా సరే, తన ఇంట్లో ఇంత కూర వండుకొని తినేవాడు, అప్పు లేనివాడు, పరదేశంలో బతకవలసిన అవసరం లేనివాడు, వాడే ఆనందిస్తాడని ఆయన అన్నాడు. అయిదవ నాడో ఆరవ నాడో అని అర్థం చెప్పేవారూ ఉన్నారు. అట్లా చూస్తే జవాబు ఇంకా గట్టిది. పూటపూటకూ నిండు భోజనం లేకపోయినా ఈ రెండు బాధలు లేకపోతే చాలునన్నమాట.

ఈ జవాబు చెప్పినవాని స్థితిని గమనించండి. ధర్మరాజు అప్పుడు రాజ్యం పోగొట్టుకొని పన్నెండేండ్ల వనవాసం చివర ఉన్నాడు. నలుగురు తమ్ములు సరస్సు ఒడ్డున ప్రాణాలు లేక పడి ఉన్నారు. ధర్మం ఎరిగినవాడు, మనస్సును జయించినవాడు అయిన ఆయనే, ఆనందం మనస్సులో ఉన్నది కాబట్టి అడవిలోనైనా ఒకటే అని అనలేదు. అప్పు లేకపోవడం, ఊరు విడువవలసి రాకపోవడం అనే రెండు బయటి విషయాలను పేరు పెట్టి చెప్పాడు. ప్రవాసి అయినవాడే అప్రవాసి సుఖాన్ని ఎరిగి చెప్పిన మాట ఇది.

మరి సంతుష్టి అన్న జవాబుకూ దీనికీ విరోధం లేదా? లేదు. ప్రశ్నలు రెండు, కాబట్టి జవాబులు రెండు. సుఖాలలో ఏది ఉత్తమమన్నది సాధకుడు తన కోసం అడుగుకొనే ప్రశ్న. దానికి జవాబు సంతుష్టి. ఆనందించేవాడు ఎవడన్నది లోకాన్ని చూసి అడిగే ప్రశ్న. దానికి జవాబు ఋణం లేనివాడు, ప్రవాసం లేనివాడు. సంతుష్టి నాకు నేను చెప్పుకోవలసిన మాట. ఋణమూ ప్రవాసమూ ఎదుటివానిలో నేను చూడవలసిన విషయాలు. ఈ రెండింటిని తారుమారు చేయడంలోనే దోషమంతా ఉన్నది. ఎదుటివానికి సంతుష్టి ఉపదేశించి, మన వరకు అనుకూల పరిస్థితులను కూర్చుకొంటే అది ధర్మం తలకిందులు కావడం.

సుఖ శబ్దం పుట్టుకను చూసినా ఇదే తెలుస్తుంది. ఋగ్వేదంలో ఈ పదం రథానికి విశేషణంగా వస్తుంది. 'ఖ' అంటే రంధ్రం. చక్రంలో ఇరుసు ఆడే రంధ్రం చక్కగా ఉన్న రథం సుఖమైన రథం. ఇరుసుకు కందెన వేయకపోతే బండి కిర్రుమంటుంది, నిజమే. మనస్సుకు సాధన అవసరమన్న పూర్వపక్షం ఇంతవరకు సత్యం. కానీ బాట అంతా గుంతలై ఉంటే ఎంత కందెన వేసినా బండి విరుగుతుంది. జాతరకు బండ్లు కట్టుకొని పోయిన తరం వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మన ప్రాంతానికి అన్వయం

ఋణం, ప్రవాసం అన్న ఈ రెండు పదాలను కరీంనగర్, ఆదిలాబాద్ సీమలలో వివరించడానికి వ్యాఖ్యానం అవసరం లేదు. బోరు వేస్తే నీరు పడక, పత్తి వేస్తే ధర రాక, మిత్తికి మిత్తి పెరిగి కుంగిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. చిన్న అప్పుల సంస్థల వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం పోయిందంటే, 2010 అక్టోబరులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని నియంత్రించడానికి ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇక ప్రవాసం చూస్తే, సిరిసిల్ల నేతకారులు బొంబాయికి, భివండీకి పోయారు. 1970ల నుండి గల్ఫ్ దేశాల దారి తెరుచుకొన్నది. వీసా కోసం అప్పు, ఆ అప్పు తీర్చడానికి ప్రవాసం. ధర్మరాజు వేరువేరుగా చెప్పిన రెండు బాధలు ఇక్కడ ఒకదానికొకటి కారణాలై ముడిపడ్డాయి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించవలసి రావడమే ఆ దుఃఖం పరిమాణానికి సాక్ష్యం.

ఇటువంటి ఇంటి తల్లి ఒకతె వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి వచ్చిందనుకోండి. కొడుకు ఎడారి దేశంలో ఉన్నాడు, ఆరు నెలలుగా డబ్బు రాలేదు, అప్పిచ్చినవాడు గడపలో కూర్చొంటున్నాడు. ఆమెకు రోజూ ఉదయం అద్దంలో చూసుకొని నవ్వుమ్మా అని చెబితే, ఆ మాట ఆమెను తాకదు. తాకితే గాయమే చేస్తుంది.

ఇక్కడ మనవారు కూడా ఒక జాగ్రత్త పాటించాలి. సానుకూల శాస్త్రజ్ఞుడు "నీ ఆలోచన మంచిది కాదు" అంటే, మనలో కొందరు ఆ స్థానంలోనే "నీ కర్మ" అంటారు. మాట మారింది గాని గాయం మారలేదు. కర్మసిద్ధాంతం ఎవరికి వారు తమ నడతను దిద్దుకోవడానికి చెప్పినది. ఎదుటివాని కన్నీటికి కారణం తేల్చి తీర్పు ఇవ్వడానికి దానిని వాడుకోమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. వాని దుఃఖం వాని కర్మ అయితే, ఆ దుఃఖం నా కంటపడడం నా కర్తవ్యం అవుతుంది.

దుఃఖాన్ని సిగ్గుపడవలసిన విషయంగా కూడా మన సంప్రదాయం చూడలేదు. క్రౌంచపక్షి మరణం చూసిన వాల్మీకి శోకమే శ్లోకమైంది. గీతలో మొదటి అధ్యాయానికి పేరు అర్జునవిషాదయోగం. విషాదానికి కూడా యోగమని పేరు పెట్టిన గ్రంథం అది. ఆపదలలోనే నీ దర్శనం కలిగింది కనుక ఆపదలే రానీ అని కుంతి శ్రీకృష్ణుని వేడుకొన్నదని భాగవతం. అయితే ఆమె ఆ మాట తన విషయంలో అన్నది. ఇతరులకు ఆపదలు రావాలని గాని, వచ్చినవారు వాటిని మెచ్చుకోవాలని గాని అనలేదు.

ప్రయోజనం

ఈ విచారణ వలన మనం ఆచరణలో పెట్టవలసినది ఏమిటి? పతంజలి యోగసూత్రాలలో మనస్సు ప్రసన్నం కావడానికి నాలుగు భావనలు చెప్పాడు. సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల ముదిత అనగా సంతోషం, అపుణ్యుల పట్ల ఉపేక్ష. నేటి ఆనందశాస్త్రంతో దీనిని పోల్చి చూడండి. ఇందులో కూడా లక్ష్యం చిత్తప్రసాదమే. కానీ ఆ ప్రసన్నతకు దారి ఎదుటివాని గుండా పోతున్నది. దుఃఖితుని పట్ల చెప్పినది ఉపేక్ష కాదు, ఉపదేశం కూడా కాదు, కరుణ.

దీనిని అనుసరించి భక్తులకు మూడు మాటలు.

మొదటిది, మీరే దుఃఖంలో ఉంటే. స్వామి ముందు ఏడవడానికి సంకోచించవద్దు. సంతోషంగా ఉండలేకపోవడం పాపం కాదు. అది భక్తిలోపం కూడా కాదు. జపం, కృతజ్ఞత, సత్సంగం మీ మనస్సుకు బలమిస్తే చేయండి. అప్పు బాధ ఉన్నప్పుడు దానిని దాచుకోక ఇంటివారితో, ఊరి పెద్దలతో చెప్పండి. నిద్ర పట్టక, ఆకలి లేక, బతుకు మీద విరక్తి కలిగే స్థితి వస్తే వైద్యుని వద్దకు వెళ్లండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ సేవ 14416 అనే సంఖ్యపై రాత్రింబగళ్లు ఉచితంగా తెలుగులోనూ లభిస్తుంది. జ్వరానికి మందు వేసుకొని దేవునికి మొక్కినట్లే, మనోవ్యాధికి కూడా రెండూ చేయడంలో విరోధం లేదు.

రెండవది, దుఃఖితుడు మీ ఎదుట ఉంటే. కారణం వెదకి చెప్పకముందు అతడు చెప్పేది పూర్తిగా వినండి. కొడుకు పరదేశంలో ఉన్న ముసలి తల్లిదండ్రులను పండుగ పూట పలకరించండి. వారి కాగితాలు చదివి పెట్టడం, బ్యాంకుకో ఆసుపత్రికో తోడు వెళ్లడం కూడా కరుణలో భాగమే.

మూడవది దాతలకు. అన్నదానం ఎంత గొప్పదో వేరే చెప్పనక్కరలేదు. దానితోపాటు ధర్మరాజు జవాబును కూడా గుర్తుంచుకోండి. ఒక పేద విద్యార్థి రుసుము కట్టితే ఆ ఇంటికి ఒక అప్పు తప్పుతుంది. ఊరిలోనే ఒకరికి పని చూపితే ఒక ప్రవాసం తప్పుతుంది. మిత్తి లేకుండా చేబదులిచ్చి కొంత గడువు ఇస్తే ఒక గడప నిలుస్తుంది. భాగవతంలో రంతిదేవుడు నలభైయెనిమిది దినాల ఉపవాసం తరువాత దొరికిన అన్నాన్ని, చివరకు మిగిలిన నీటిని కూడా ఆకలిదప్పులతో వచ్చినవారికి ఇచ్చివేశాడు. తనకు సిద్ధులు గాని మోక్షం గాని అక్కరలేదని, ప్రాణులలో ఉండి వారి దుఃఖాన్ని తాను అనుభవించాలని, అందువలన వారు దుఃఖం లేనివారు కావాలని కోరుకొన్నాడు. ఆ నీరు ఇవ్వడంతోనే తన ఆకలి, దప్పి, అలసట, దిగులు అన్నీ తొలగినవని ఆయన అన్నట్లు భాగవతం చెబుతున్నది. సుఖాన్ని వెదకకుండానే సుఖం పొందినవాని కథ ఇది.

గీత పద్ధెనిమిదవ అధ్యాయం సుఖాన్ని మూడు విధాలుగా విభజించింది. మొదట విషంలా ఉండి చివరకు అమృతమయ్యేది సాత్త్విక సుఖం. మొదట అమృతంలా ఉండి చివరకు విషమయ్యేది రాజస సుఖం. నిద్ర, సోమరితనం, మరపు వలన కలిగే మోహం తామస సుఖం. ఒకరి అప్పు పత్రాన్ని విడిపించడం, ఒకరి కన్నీటి కథను గంటసేపు కూర్చొని వినడం మొదట కష్టంగానే ఉంటుంది. ఆ క్షణంలో ఎవరైనా నిచ్చెన చూపి ఏ మెట్టు మీద ఉన్నావని అడిగితే మనం కింది మెట్టునే చూపవచ్చు. ఆ కష్టమే కాలక్రమంలో అమృతమవుతుంది.

మన ఆలయాలలో పూజ ముగిసిన తరువాత లోకమంతా సుఖంగా ఉండాలని ఒక ప్రార్థన చేస్తాము. అందులోని క్రియ బహువచనంలో ఉన్నది. 'నేను' అన్న మాట అందులో ఎక్కడా లేదు. తీర్థం పుచ్చుకొని, ప్రసాదం స్వీకరించి ఇంటికి బయలుదేరేటప్పుడు ఆ బహువచనాన్ని మనతో తీసుకొని వెళదాం.

శుభం భూయాత్.